"నేను హీలర్ అని వాళ్లకెలా తెలుసు?": ఒక డీఎం కేస్ స్టడీ

మా పిన్ని కూతురు తన క్యారెక్టర్ షీట్ మీద రెండో సున్నాని పెన్సిల్‌తో నింపి, తలెత్తకుండా అడిగింది: "అన్నయ్యా, నేను హీలర్ అని వాళ్లకెలా తెలుసు?"

ఆ షీట్ మీద అలాంటి సున్నాలు మూడే ఉంటాయి. మూడోది కూడా నిండితే పాత్ర చచ్చిపోయినట్టే. "వాళ్లు యుద్ధం చేసి చేసి ఆరితేరినవాళ్లమ్మా, పసిగట్టేస్తారు" అన్నాను. అది అబద్ధం. వాళ్లకు తెలియడానికి ఏ దారీ లేదు. తెలిసింది నాకు. ఆ ఆదివారం నుంచి నా ఆట నడిపే పద్ధతిలో ఏం మార్చానో, ఏది పనిచేసిందో, ఎక్కడ మళ్లీ తప్పానో వివరంగా రాస్తున్నాను. డీఎంగా, అంటే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడిపే డన్జన్ మాస్టర్‌గా, కూర్చునే ఎవరికైనా పనికొస్తుందని నా నమ్మకం.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఆటగాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. మిగతా లోకమంతా, అంటే ఊళ్లూ వానలూ దొంగలూ మాన్‌స్టర్లూ, డన్జన్ మాస్టర్ చేతిలో ఉంటాయి. మేం ఆడేది 2014లో వచ్చిన 5వ ఎడిషన్. హైదరాబాద్‌లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ప్రతి ఆదివారం నలుగురు ఆటగాళ్లు, నేను కూర్చుంటాం. అప్పటికి పాత్రలన్నీ 5వ లెవెల్: డాలు, కత్తి పట్టిన పాలడిన్ (దైవభక్తుడైన యోధుడు), ఎల్ఫ్ జాతి విజర్డ్ (మంత్రగత్తె), చిట్టి అనే మూడడుగుల హాఫ్లింగ్ జాతి రోగ్ (దొంగ), గొలుసు కవచం వేసుకుని డాలు పట్టిన క్లెరిక్ (దైవబలంతో గాయాలు మాన్పే హీలర్). క్లెరిక్ మా చెల్లి పాత్ర.

ఆ రోజు జరిగింది ఇది. కొండ కనుమలో హాబ్‌గోబ్లిన్లనే సైనిక జాతి మాన్‌స్టర్ల కావలి గోడ. గోడ మీద ఆరుగురు విలుకాళ్లు, కింద నలుగురు కత్తివాళ్లు. పార్టీ, అంటే మా నలుగురి పాత్రల గుంపు, వంద అడుగుల దూరంలో దారి మలుపు తిరిగింది. ఎవరి వంతు ముందో తేల్చే ఇనీషియేటివ్ డైస్ వేశాం. హాబ్‌గోబ్లిన్లే ముందు. ఆరు బాణాలూ క్లెరిక్ మీదే వేయించాను. రెండు దిగాయి. తరువాతి రౌండులో కత్తివాళ్లు ఆమెను చుట్టుముట్టారు, మళ్లీ బాణాలు. ఒక్క మంత్రం కూడా వేయకముందే ఆమె హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, సున్నాకి చేరి పడిపోయింది. పడిపోయిన మనిషి మీద పక్కనే నిలబడి కొట్టిన దెబ్బ తగిలితే, రూల్ ప్రకారం అది క్రిటికల్, అంటే మామూలు కన్నా పెద్ద దెబ్బ. డెత్ సేవ్‌లలో, అంటే చావు బతుకులు తేల్చే ఆ మూడు సున్నాల్లో, రెండు ఫెయిల్ అయినట్టు లెక్క. ఆ దెబ్బ కూడా వేయించాను. పాలడిన్ పరుగున వచ్చి చెయ్యి పెట్టి ఆమెను లేపాడు కాబట్టి బతికింది.

ఎందుకలా చేశాను? ఆమె షీట్ మీద హీలింగ్ వర్డ్ ఉందని నాకు తెలుసు. ఆ మంత్రం ఉన్నంతసేపు 60 అడుగుల లోపు ఎవరు పడినా ఒక్క మాటతో లేస్తారని తెలుసు. గోడ మీద ఉన్నవాడి బుర్రతో ఆలోచిస్తున్నాననుకున్నాను గానీ, నాలుగు షీట్లూ చదివినవాడి బుర్రతో ఆలోచించాను.

ఆటగాళ్లు ఇలా చేస్తే ఊరుకోం. తన గాయాలు తనే మాన్పుకునే ట్రోల్‌కి నిప్పు పెడితే అవి మానవని ఆటగాడికి తెలిసినా, వాడి పాత్ర ఎప్పుడూ ట్రోల్‌ని చూడలేదు కదా అని ఆపుతాం. మెటాగేమింగ్ అని పేరు కూడా పెట్టాం. కానీ ఆ బల్ల దగ్గర అందరికన్నా ఎక్కువ సమాచారం ఉన్నది, నా కాగితాలు కనబడకుండా అడ్డం పెట్టుకున్న స్క్రీన్ వెనక కూర్చున్న నాకు. నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు. వారం తిరిగేసరికి చెల్లి ఫోన్ చేసి, "క్లెరిక్‌ని మార్చేస్తాను అన్నయ్యా, ఇంకేదైనా ఆడతాను" అంది. ఆమె కోపంతో అనలేదు. ఎలాగూ అందరికీ ముందే తెలిసిపోతుంటే ఆ పాత్ర వేసుకుని లాభమేమిటని లెక్క వేసుకుంది. అది సరైన లెక్కే, అందుకే నాకు నిద్ర పట్టలేదు.

గోడ మీంచి చూస్తే

ఆ రాత్రి కాగితం మీద గోడ గీసుకుని, వంద అడుగుల దూరం నుంచి విలుకాడికి ఏం కనిపిస్తుందో రాసుకున్నాను. ఇనుము తొడుక్కున్నవాళ్లు ఇద్దరు, ఇద్దరికీ డాళ్లు. పిల్లాడంత పొడవున్నవాడు ఒకడు. కవచం లేని ఆడమనిషి ఒకతె, చేతిలో కర్ర. అంతే. క్లెరిక్ దైవచిహ్నం మెడలో, కవచం లోపల ఉంది. ఆమె పాలడిన్ పక్కన ఇంకో సిపాయిలా కనిపిస్తుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. హాబ్‌గోబ్లిన్ బాణానికి డైస్ మీద పడిన అంకెకు +3 కలుస్తుంది. క్లెరిక్ ఏసీ (దెబ్బ తగలాలంటే మొత్తం రావాల్సిన అంకె) 18, అంటే డైస్ మీద 15 పడాలి. బుద్ధున్న విలుకాడెవడైనా కవచం లేని మనిషినే కొడతాడు. అంటే మొదటి ఆరు బాణాలూ విజర్డ్ మీద పడాల్సింది. ఆమె వంటి మీద మేజ్ ఆర్మర్ మంత్రం ఉంది, ఏసీ 15. మా బల్ల దగ్గర ఆ మంత్రం కళ్లకు కనిపించదు. డైస్ మీద 13 పడి, మొత్తం 16 వచ్చి బాణం తగలబోతుంటే ఆమె షీల్డ్ మంత్రం వేసి ఏసీని 20 చేసుకునేది. బాణం గాల్లో పక్కకు తిరిగిపోయేది. విజర్డ్ ఆడుతున్నామె ఆ మంత్రం ఎంచుకున్నదే ఆ క్షణం కోసం. అత్యాశతో ఆ క్షణాన్ని ఆమెకు దక్కకుండా చేశాను, హాబ్‌గోబ్లిన్లకు తమ మొదటి పొరపాటు చేసే అవకాశమూ ఇవ్వలేదు.

అన్నిటికన్నా నన్ను కదిలించిన విషయం ఇంకోటి. అదే ఎత్తుగడ మూడో రౌండులో వేసి ఉంటే నూటికి నూరుపాళ్లు న్యాయం. పాలడిన్ పడిపోయి, క్లెరిక్ నోరు తెరిచి ఒక మాట అని, చచ్చాడనుకున్నవాడు లేచి నిలబడితే, దాన్ని గోడ మీది ఆరుగురూ చూస్తారు. ఆ తరువాత ఆరు బాణాలూ ఆమె మీదకు రావచ్చు. పడినవాళ్లను పొడిచి మరీ నిర్ధారించుకోవచ్చు. చెల్లి అప్పుడు "ఎలా తెలుసు" అని అడిగేది కాదు. తనే బయటపడ్డానని ఆమెకూ తెలుస్తుంది.

గాయాల విషయంలోనూ ఇదే తప్పు చాలాకాలంగా చేస్తున్నానని తేలింది. పాత సెషన్ల నోట్సు తిరగేస్తే, దాదాపు ప్రతి పోరులోనూ నా శత్రువులు అందరికన్నా తక్కువ హిట్ పాయింట్లు ఉన్నవాడి మీదకే వెళ్లారు. చిట్టికి మూడే మిగిలాయని వాళ్లకు ఎవరు చెప్పారు? రూల్ బుక్‌లో దీనికి చక్కటి మాట ఉంది: సగం పైన ఉన్నంతవరకు మామూలుగా గాయాలు కనిపించవు, సగం కిందకు దిగాకే గాట్లు, దెబ్బలు కనబడతాయి. శత్రువు కంటికి ఉన్నవి ఆ రెండు మెట్లే. మూడు హిట్ పాయింట్లవాడూ పద్దెనిమిదివాడూ ఒకేలా రక్తమోడుతూ కనిపిస్తారు. ఆ రోజు నుంచి హిట్ పాయింట్లు నాకు చెప్పొద్దని, సగం దాటినప్పుడు మాత్రం పైకి చెప్పమని ఆటగాళ్లను అడిగాను. ఈ ఒక్క మార్పుకే పోరాటాల తీరు మారిపోయింది.

చీటీలు

తరువాతి ఆదివారం ఆట మొదలుపెట్టే ముందు నలుగురికీ తప్పు చెప్పుకున్నాను. చెల్లికి విడిగా క్షమాపణ చెప్పి, క్లెరిక్‌ని ఉంచమన్నాను. అందరి ముందూ ఒక మాటిచ్చాను: ఇకపై ప్రతి శత్రు గుంపుకీ ఒక చీటీ రాస్తాను. ఆ గుంపు కథ ముగిశాక ఎవరైనా "వాడికెలా తెలుసు?" అని అడిగితే ఆ చీటీ బల్ల మీద పెట్టాలి. అందులో లేనిది వాడిస్తే తప్పు నాది.

చీటీలో నేను రాసేవి మూడు సంగతులు. చూడగానే కంటికి, చెవికి, ముక్కుకి ఏం అందుతుంది? ఆ జాతిలో పుట్టిన ఎవరికైనా పెద్దల నోటి ద్వారా ఏం తెలిసుంటుంది? ఈ నలుగురి గురించి ఎవరైనా వార్త మోసుకొచ్చారా, వస్తే ఎవరు, ఎప్పుడు? తోడేలుకి మొదటిది చాలు. తెలివి 3, కానీ వాసన, వినికిడి గొప్పవి. కుంటేవాణ్ణి, నెత్తురు కారేవాణ్ణి, చిన్నవాణ్ణి పసిగడుతుంది. ఎవరు మంత్రగాడో దానికి అక్కర్లేదు. హాబ్‌గోబ్లిన్‌కి రెండోది బలం. సైన్యంలో పెరిగినవాడికి "మంత్రగాణ్ణి కొడితే మంత్రం చెదురుతుంది" అన్న సంగతి తెలిసుండటం సహజం. మూడోదే అసలు ఆట, దానికి వస్తాను.

ముందు నా రెండో తప్పు చెప్పాలి. చీటీ పద్ధతి మొదలుపెట్టిన వెంటనే వచ్చిన పోరు ఓగర్లనే భారీ మొద్దు మాన్‌స్టర్లతో. ఓగర్ తెలివి 5. చీటీలో ఏమీ లేదు. ఏమీ తెలియదు కాబట్టి ఏమీ చేయకూడదన్నట్టు వాటిని గుహలో నిలబెట్టి కొట్టించాను. పాలడిన్ ఆడే మావాడు విసుక్కున్నాడు: "ఏంట్రా ఇది, వీటికి తమ గుహ కూడా తెలీదా?" వాడన్నది నిజం. మన గురించి తెలియకపోవడం వేరు, పోరాడటం రాకపోవడం వేరు. ఓగర్‌కి తన చేతి పొడవు తెలుసు, తన ఈటె ఎంత దూరం పోతుందో తెలుసు, ఆ గుహలో ఏ మూల ఇరుకో చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏ గోబ్లిన్‌కీ కొట్టి పారిపోయి దాక్కోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. తన గురించీ తన చోటు గురించీ ప్రతి జంతువుకీ పూర్తిగా తెలుసు. కొరత మన గురించే. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు ఒక సెషన్ పట్టింది.

పోనిచ్చిన గోబ్లిన్

ఇక మూడో సంగతి. మేం వెళుతున్న హాబ్‌గోబ్లిన్ల కోటకు 36 మైళ్ల ముందు ఒక గోబ్లిన్ గుహ. చిట్టి ఎరగా ముందు నడిచాడు. హాఫ్లింగులకు చీకట్లో కనబడదు కాబట్టి చేతిలో కాగడా. విజర్డ్ వాడికి యాభై అడుగుల వెనక, చీకట్లో. ఎల్ఫ్ కాబట్టి ఆమెకు దీపం అక్కర్లేదు. గోబ్లిన్లు గుంపుగా చిట్టి మీదకు కదలగానే ఆమె ఫైర్‌బాల్ అనే నిప్పు ముద్ద మంత్రం వేసింది. ఐదుగురు ఒక్కసారిగా పోయారు. ఆఖరివాడు పేలుడు అంచుకు అవతల, రాయి వెనక నక్కి ఉన్నాడు. ఆయుధం పారేసి పరుగెత్తాడు. చిట్టి విల్లెక్కుపెట్టాడు. క్లెరిక్ అడ్డుపడింది: "పోనివ్వండి, పాపం."

నేను స్క్రీన్ వెనక గళ్ల షీటు మీద దూరాలు కొలిచాను. గోబ్లిన్ నుంచి చిట్టికి 50 అడుగులు, విజర్డ్‌కి 100. గోబ్లిన్‌కి చీకట్లో 60 అడుగుల వరకే కనిపిస్తుంది. కాగడా వెలుతురు, మసక వెలుతురు కూడా కలిపి, 40 అడుగులకు మించి పోదు. అంటే విజర్డ్ వాడికి కనబడలేదు. వాడికి కనిపించింది, కాగడా పట్టుకున్న పొట్టివాడి వైపు నుంచి ఒక మెరుపు గీత రావడం, నిప్పు విచ్చుకోవడం. చీటీలో ఇలా రాశాను:

"బతికింది: ఒక గోబ్లిన్. చూసింది: నిప్పు ముద్ద, ఐదుగురు ఒకేసారి కాలిపోవడం. వేసింది: పొట్టివాడు (అనుకుంటున్నాడు). చూడనిది: విజర్డ్. విన్నది: 'పోనివ్వండి' అన్న ఆడగొంతు."

మామూలు నడకతో రోజుకు 24 మైళ్లు. ఒకటిన్నర రోజులో వాడు కోట చేరతాడు. పార్టీ విశ్రాంతి తీసుకుని మూడో రోజు చేరింది. అంటే హాబ్‌గోబ్లిన్ కెప్టెన్‌కి ఒక పూటకు పైగా టైమ్ దొరికింది. కెప్టెన్ తెలివి 12, మొద్దేం కాదు. చీటీ ముందు పెట్టుకుని వాడి బదులు ఆలోచించాను. తలుపులకు తడిపిన తోళ్లు కట్టించాడు. మనుషులను నలభై అడుగులకు పైగా ఎడంగా నిలబెట్టాడు, ఒక నిప్పు ముద్దకు ఇద్దరు దొరక్కుండా. ఇద్దరు మంచి విలుకాళ్లకు ఒకటే ఆజ్ఞ: పొట్టివాణ్ణి చూడగానే కొట్టండి.

ఆట మొదలైంది. మొదటి బాణాలు చిట్టి మీద! మా ఆఫీసులో జూనియర్, చిట్టి ఆడే అబ్బాయి, బిత్తరపోయి "అన్నా, నేనేం చేశాను?" అన్నాడు. రోగ్‌కి 5వ లెవెల్‌లో కనిపించే శత్రువు దెబ్బను సగం చేసుకునే నేర్పు ఉంటుంది, దానితో నెట్టుకొచ్చాడు. అటు విజర్డ్ మీద ఒక్కడూ చూపు తిప్పలేదు. తాపీగా నడిచి గోడ కిందకు చేరింది. కానీ ఫైర్‌బాల్ వేస్తే చిక్కింది ఒక్కడే. వార్త సగం తప్పు, సగం ఒప్పు. రెండు సగాలూ బల్ల మీద కనిపించాయి.

ఇందులో నేను ముందుగా ఊహించని ఫలితం ఒకటుంది. హాబ్‌గోబ్లిన్ల అసలు బలం గుంపు. తను కొట్టేవాడి పక్కన, ఐదడుగుల లోపు తనవాడు ఇంకొకడు ఉంటే దెబ్బకు అదనంగా రెండు ఆరుముఖాల డైస్. నిప్పుకు భయపడి విడివిడిగా నిలబడ్డవాళ్లకు ఆ బలం పోయింది. పాలడిన్ ఒక్కొక్కణ్ణీ విడిగా పట్టుకున్నాడు. కనుమ దగ్గర ఇదే జాతి రెండు రౌండ్లలో మమ్మల్ని ఏడిపించింది. ఇక్కడ వాళ్లకు మా గురించి ఎక్కువ తెలుసు, అదే వాళ్ల కొంప ముంచింది. అలా చేయాలని నేను ప్లాన్ వేయలేదు. చీటీని నమ్మి నడిపితే దానంతటదే వచ్చింది.

ఆఖరికి కెప్టెన్ ఒంటరిగా మిగిలాడు. చీటీలో ఆఖరి మాట మీద నా కళ్లు ఆగాయి: ఆడగొంతు. కత్తి కింద పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, పాలడిన్‌ని కాదు, క్లెరిక్‌ని చూసి ప్రాణభిక్ష అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ఆ రాత్రి కట్లు కోసుకుని పారిపోయాడు. ఆ గుంపు కథ ముగిసిందని అనుకుని చిట్టి వెంటనే చీటీ అడిగాడు. ఇచ్చాను. నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని చదివారు. "నా గొంతు వినిపించిందా!" అంది చెల్లి. అంతగా సంతోషపడటం ఆ బల్ల దగ్గర చాలాకాలంగా చూడలేదు.

మంత్రగాళ్లతో, మనసు చదివేవాళ్లతో

కోటలో కూలికి వచ్చిన ఒక మంత్రగాడు కూడా ఉన్నాడు. వాడి దగ్గర అవతలివాళ్ల మంత్రాన్ని అడ్డుకునే కౌంటర్‌స్పెల్ ఉంది. ఇక్కడ డీఎంకి పెద్ద ప్రలోభం: ఆటగాడు "ఫైర్‌బాల్ వేస్తున్నా" అనగానే మన మంత్రగాడికి కౌంటర్‌స్పెల్ గుర్తొస్తుంది, "లైట్ వేస్తున్నా" అంటే, అది చిన్న వెలుగు మంత్రమే కాబట్టి, గుర్తు రాదు. 2017లో వచ్చిన అనుబంధ రూల్స్ ప్రకారం, వేస్తున్న మంత్రం ఏదో గుర్తుపట్టాలంటే రియాక్షన్ (రౌండుకు ఒక్కసారే దొరికే ఎదురు చర్య) ఖర్చు పెట్టి, డైస్‌తో 15కి ఆ మంత్రం లెవెల్ కలిపినంత తెచ్చుకోవాలి. కౌంటర్‌స్పెల్‌కీ రియాక్షనే కావాలి, రెండూ ఒకేసారి కుదరవు. అందుకే మా బల్ల దగ్గర ఇలా చేస్తున్నాం: విజర్డ్ "మంత్రం వేస్తున్నాను" అని స్పెల్ కార్డు బోర్లా పెడుతుంది. అడ్డుకోవాలా వద్దా అన్నది నేను ముందు చెప్పాలి. ఆ తరువాతే కార్డు తిరగేస్తుంది. మొదటిసారి అడ్డుకున్నాను. కార్డు తిప్పితే లైట్! వాడి మూడో లెవెల్ స్లాట్ (మంత్రం వేసే అవకాశం) ఒకటి గాలికి పోయింది. అదే నియమం నాకూ: నా మంత్రగాడు వేసేదీ బోర్లాయే.

నిజంగా మనసు చదివే శత్రువు వస్తే? కోట తరువాత వెళ్లిన ఊళ్లో సత్రం నడిపేవాడు డాపెల్‌గ్యాంగర్, అంటే ఇతరుల రూపం ధరించే మాన్‌స్టర్. 60 అడుగుల లోపు ఒక్కరి పైపై ఆలోచనలు చదవగలడు. పైపై అన్న మాట ముఖ్యం. షీట్ అంతా చదవడు, ఆ క్షణాన మనసులో కదిలేది మాత్రమే. దీనికోసం అంతకు మూడు సెషన్ల ముందు నుంచే ఒక అలవాటు పెట్టాను. అప్పుడప్పుడూ, ఏ కారణం లేకుండా, నలుగురికీ చిన్న కాగితాలిచ్చి "ఇప్పుడు మీ పాత్ర మనసులో ఏముందో ఒక్క లైను రాయండి" అనేవాణ్ణి. సత్రంలోనూ అలాగే రాయించాను. పాలడిన్ "ఆకలి" అని రాశాడు. విజర్డ్ "ఇవాళ ఒక్క స్లాటే మిగిలింది, ఎవరూ మీదకు రాకపోతే చాలు" అని రాసింది. డాపెల్‌గ్యాంగర్ ఆమె పక్కనే కూర్చుని కబుర్లాడాడు, ఆ రాత్రే దెబ్బ తీశాడు. తరువాత ఆమె కాగితాన్ని ఆమెకే చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు, ఆ కాగితాన్ని తన ఫోల్డర్‌లో దాచుకుంది.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది. పోరుకు ముందు పది నిమిషాలు, పోరులో అక్కడక్కడా ఆగి దూరాలు కొలవడం. చిన్నాచితకా పోరాటాలకు చీటీ రాయడం మానేశాను. అస్థిపంజరాల గుంపుకి అక్కర్లేదు. ఎవడో ఒకడు తప్పించుకునే అవకాశం ఉన్నచోట మాత్రం తప్పక రాస్తాను. 1981 నాటి బేసిక్ సెట్‌లో ప్రతి మాన్‌స్టర్‌కీ మొరాల్ అంకె ఉండేది, రెండు డైస్ వేసి అది దాటితే పారిపోయేది. మా ఎడిషన్‌లో మొరాల్ ఐచ్ఛిక నియమం మాత్రమే, నేను దాన్ని మళ్లీ వాడుతున్నాను. పారిపోయేవాడు లేకపోతే వార్త మోసేవాడు ఉండడు.

ఇప్పుడు ఆటగాళ్లు మారిపోయారు. పోరు అవగానే చెల్లి నిధి గురించి కాదు, "ఎవరైనా బతికి వెళ్లారా? ఏం చూసి వెళ్లారు?" అని అడుగుతోంది. కవచం మీద పాత అంగీ వేసుకుని నడుస్తోంది. కిందటి ఆదివారం చిట్టి సంతలో 2 వెండి నాణేలు పెట్టి ఒక పొడుగాటి కర్ర కొన్నాడు. అది వాడికి ఎందుకూ పనికిరాదు. దాన్ని గాల్లో తిప్పుతూ, కల్లు దుకాణం ముందు నిలబడి, ఐదుగురు గోబ్లిన్లను తానే ఎలా కాల్చేశాడో ఊరందరికీ చెప్పాడు. విజర్డ్ వాడి వెనక మూట మోస్తూ నిలబడింది.

నా ముందు రెండు చీటీలున్నాయి. ఒకటి ఆ ఊరి పుకారు. రెండోది కెప్టెన్‌ది, నిప్పు ఎవరి చేతిలోంచి వచ్చిందో వాడు కోటలో కళ్లారా చూశాడు. ఆ ఇద్దరి వార్తలూ వెళుతున్నది ఒకే యజమాని దగ్గరికి. కెప్టెన్ కాలినడకన 70 మైళ్లు నడవాలి. పుకారు మంగళవారం బయల్దేరే ఉప్పు బళ్ల మీద వెళుతుంది. వచ్చే ఆదివారం లోపు ఆ దూరాలు కొలవాలి.